రాతి బోర్ల ఊళ్లు, ఫిల్టర్ పాయింట్ల ఊళ్లు: మంగళగిరి చుట్టూ అడుగు బండ పటం, పని డైరీ

జూన్ 9

మా బాబాయి ముప్పై ఏళ్లుగా బోరు బండి నడుపుతున్నాడు. ఆయన లెక్కలో గుంటూరుకీ బెజవాడకీ మధ్య ఊళ్లు రెండే రకాలు. ఒకటి రాతి బోరు ఊరు. అక్కడ కాస్త దిగగానే బండ తగులుతుంది, కంప్రెసర్ పెట్టి హ్యామర్ బిట్టుతో కొట్టుకుంటూ పోవాలి. రెండోది ఫిల్టర్ పాయింట్ ఊరు. అక్కడంతా కృష్ణ తెచ్చి పోసిన మట్టి, ఇసుక. ఫిల్టరు పైపు దించితే చాలు, నీళ్లు వస్తాయి. మంగళగిరి మొదటి రకం, తెనాలి రెండో రకం. మధ్యలో ఎక్కడ మారుతుందో ఆయనకి ఊళ్ల పేర్లతో తెలుసుగానీ గీత గీసి చూపించలేడు.

"జియోఫిజిక్స్ చదివావు కదమ్మా, ఆ గీత ఎక్కడుందో నువ్వు చెప్పు" అన్నాడు మొన్న భోజనాల దగ్గర. ఆ మాట నా మనసులోంచి పోలేదు. సెలవు రోజుల్లో ఈ పని చేయాలని నిర్ణయించుకున్నాను.

పని ఇది. కొండపల్లి, బెజవాడ, మంగళగిరి, కొండవీడు దగ్గర పైకి కనిపిస్తున్న రాళ్లు నల్లరేగడి కిందికీ డెల్టా మట్టి కిందికీ ఎలా సాగుతున్నాయో, వాటి మధ్య సరిహద్దులూ విరుగుళ్లూ ఎక్కడున్నాయో పటం గీయాలి. విమానం నుంచి కొలిచిన అయస్కాంత క్షేత్రం, ఉపగ్రహ చిత్రాలు, వీలైన చోట నేల మీద నేను తీసే కొలతలు, ఇవే సాధనాలు. సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఎక్కువ భాగం 65డి లోకి వస్తుంది. బాపట్ల వైపు వెళితే 66ఏ.

మన కొండల గురించి ఒక మాట. ఇవి తూర్పు కనుమల్లో ఒంగోలు డొమైన్ అని పిలిచే భాగంలోవి. దాదాపు 160 కోట్ల ఏళ్ల క్రితం, నేల కింద 20, 30 కిలోమీటర్ల లోతులో విపరీతమైన వేడికి ఉడికి గట్టిపడ్డ రాళ్లు. విశాఖ వైపు కొండలు అలా ఉడికింది సుమారు 100 కోట్ల ఏళ్ల నాడు. అంటే చూడటానికి ఒకే వరుసలా ఉన్నా వయసులో చాలా తేడా ఉంది. మంగళగిరి కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమని, అందుకే పానకం పోస్తారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. స్వామి మీద భక్తి వేరు, నాకూ ఉంది. రాయి మాత్రం లావా గడ్డకట్టినది కాదు. అంత లోతు నుంచి పైకి వచ్చింది, దాని మీదున్నదంతా కోట్ల ఏళ్లపాటు కోసుకుపోయింది. అగ్నిపర్వతం కథ కన్నా నాకు ఇదే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది.

జూన్ 22

డేటా పోగుచేశాను. ప్రపంచం మొత్తానికి ఉచితంగా దొరికే ఈమాగ్-2 అనే అయస్కాంత కొలతల గ్రిడ్ ముందు తెరిచాను. చుక్కకీ చుక్కకీ మధ్య దాదాపు మూడున్నర కిలోమీటర్ల దూరం, ఎత్తేమో 4 కిలోమీటర్లకి లెక్కగట్టినది. తూర్పు కనుమల పెద్ద పోకడ తప్ప అందులో ఇంకేమీ కనిపించలేదు. పక్కన పెట్టేశాను.

అసలు పని పాత విమాన సర్వే కాంటూరు షీట్లతో. కాంటూరు అంటే ఒకే కొలత ఉన్న చోట్లని కలిపే గీత. నా దగ్గరున్న వాటి మీద విమానం ఎత్తు 5000 అడుగులని, లైన్ల మధ్య దూరం 4 కిలోమీటర్లని, విమానం ఉత్తర దక్షిణాలుగా ఎగిరిందని ఉంది. స్కాన్ చేసి, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో కాంటూర్ల మీద ఒక్కొక్కటిగా మౌస్‌తో గీసుకుంటూ వెళ్లాను. పదమూడు రాత్రులు పట్టింది. ఆ గీతల నుంచి గ్రిడ్ చేసి, భూమి మొత్తానికీ ఉండే సాధారణ క్షేత్రాన్ని తీసేశాను. మన దగ్గర అది 42 వేల నానోటెస్లాలకు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) పైమాటే. అది పోగా మిగిలిన వందల నానోటెస్లాల హెచ్చుతగ్గులే రాళ్లు పలికే మాట.

జూలై 6

గ్రిడ్ మీద కొండల హద్దులు పెడితే ఏదీ సరిగ్గా కూర్చోలేదు, అంతా ఒకే వైపుకి జరిగి ఉంది. మూడు రోజులు నా డిజిటైజింగ్‌నే అనుమానించాను. చివరికి తేలిందేమిటంటే పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్ అనే పాత అక్షాంశ రేఖాంశాల లెక్క మీద ఉన్నాయి, నేను వాటిని ఇప్పటి డబ్ల్యూజీఎస్-84 లెక్క అనుకుని ఎక్కించాను. సరిచేసి యూటీఎమ్ 44 ఉత్తర జోన్‌లోకి, అంటే మన ప్రాంతానికి వాడే మీటర్ల లెక్కలోకి, తెచ్చాను. పాత పటాలతో పనిచేసేవాళ్లు ముందు షీటు అంచున సన్న అక్షరాల్లో రాసింది చదవండి. నాకు మూడు రోజులు పోయాయి.

జూలై 20

ఈ రోజు కొండపల్లి వెళ్లాను. వెళ్లాల్సిన అవసరం పటమే తెచ్చింది.

గ్రిడ్‌కి రంగులు వేసినప్పుడు ఎక్కువ ఉన్నచోట ఎరుపు, తక్కువ ఉన్నచోట నీలం పెట్టాను. ఎరుపు ఉన్నచోట మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం ఎక్కువున్న చార్నోకైట్ రాయి, నీలం ఉన్నచోట అది తక్కువున్న ఖోండలైట్ రాయి అని రెండు వారాలు రాసుకుంటూ పోయాను. పెన్సిల్‌తో సగం పటం నిండింది. తీరా కొండపల్లి దగ్గరికి వచ్చేసరికి అక్కడ ముదురు నీలం ఉంది. కొండపల్లి చుట్టూ చార్నోకైట్ అని మన జియాలజీ పుస్తకాలన్నీ చెబుతాయి. ఖిల్లా కింది కొండల్లో గాబ్రో, అనార్థోసైట్, పైరాక్సినైట్ పొరలు పొరలుగా ఉన్నాయి, వాటి మధ్య క్రోమైట్ కూడా ఉంది. నీలం ఎలా వచ్చింది?

అప్పు తెచ్చుకున్న ససెప్టిబిలిటీ మీటర్ పట్టుకుని రాయి రాయికీ ఆనించి చూశాను. రాయి అయస్కాంతానికి ఎంతగా స్పందిస్తుందో చెప్పే చిన్న పరికరం అది. తాజాగా పగిలిన చార్నోకైట్ మీద 20 నుంచి 40 దాకా చూపించింది, మీటర్ లెక్కలో వెయ్యో వంతుల్లో. బెజవాడ కొండల్లో ఎర్రగా పొడిబారి, గార్నెట్ చుక్కలతో ఉండే ఖోండలైట్ మీద అంతకుముందు చూస్తే 1 కూడా దాటలేదు. రాయి సరిగ్గానే ఉంది, పటమూ సరిగ్గానే ఉంది. తప్పంతా నేను చదివిన తీరులో ఉంది.

కారణం మనం ఉన్న చోటు. భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల దగ్గర నిట్టనిలువుగా దిగుతుంది, అక్కడ అయస్కాంత రాయి నెత్తినే ఎక్కువ కనిపిస్తుంది. మన దగ్గర ఆ క్షేత్రం దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది, నేలకి 20 డిగ్రీల వాలు మాత్రమే. రాయిలో పుట్టే అయస్కాంతత్వం కూడా అలాగే ఉత్తరం వైపు పడుకుని ఉంటుంది. దాని నెత్తి మీద ఆ రాయి క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురు తిరుగుతుంది. అందువల్ల బలమైన రాయి నెత్తిన తక్కువ, దక్షిణం పక్కన ఎక్కువ కనిపిస్తాయి. ఈ సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ కొండ మీద నిలబడి, చేతిలో రాయి పట్టుకుని, ఫోన్‌లో నీలం చూసేదాకా నాకు అర్థం కాలేదు.

చార్నోకైట్ పేరు వెనక కథ అక్కడే గుర్తొచ్చింది. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి రాయిని చూసి 1893లో థామస్ హాలండ్ పెట్టిన పేరది. మన క్రషర్ల దగ్గర అడిగితే నల్లరాయి అంటారు.

ఇంటికొచ్చి రెండు వారాల పెన్సిల్ గీతలు చెరిపేశాను.

ఆగస్టు 3

ఉపగ్రహ చిత్రాల వంతు. సెంటినెల్-2 చిత్రాలు, 30 మీటర్లకో ఎత్తు ఇచ్చే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల పటం తీసుకున్నాను. సాఫ్ట్‌వేర్‌తో గీతలు వెతికిస్తే వందల్లో ఇచ్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, రైలు కట్టలు, హైటెన్షన్ లైన్ల కింద కొట్టేసిన చెట్ల వరస, అన్నిటినీ నేల విరుగుళ్లుగానే లెక్కేసింది. డెల్టాలో తిన్నటి గీత కనిపిస్తే ముందు అది మనిషి తవ్విందేమో చూడాలి. ఇక్కడ కాలువల పని 1850లలో ఆనకట్టతోనే మొదలైంది. టోపోషీటు పక్కన పెట్టుకుని చేత్తో తీసేస్తూ వెళితే కొండ ప్రాంతంలోనివి మాత్రమే మిగిలాయి. అవి దాదాపు అన్నీ ఈశాన్యం నుంచి నైరుతికి పోతున్నాయి. తూర్పు కనుమల నార, అంటే రాయి సాగే దిక్కు, అదే.

కానీ ఒక అనుమానం పట్టుకుంది. నేను వాడింది డిసెంబర్ చిత్రం. ఈ ఉపగ్రహం మన మీదుగా పొద్దున పదిన్నర ప్రాంతంలో పోతుంది, డిసెంబర్‌లో ఆ వేళకి ఎండ ఆగ్నేయం నుంచి ఏటవాలుగా పడుతుంది. ఈశాన్య నైరుతి దిశలో ఉన్న గట్లకి నీడ చక్కగా పడి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఎండ వచ్చే దిక్కుకే సాగే గట్టుకి నీడ ఉండదు, కంటికి ఆనదు. అంటే నేను చూసింది రాయి నారా, ఎండ దిక్కా? ఎత్తుల పటం తీసుకుని ఎనిమిది దిక్కుల నుంచి ఎండ వేసినట్టు నీడలు గీయించాను. వాయవ్య ఆగ్నేయ దిశలో కొన్ని గీతలు కొత్తగా బయటపడ్డాయి, కొండవీడు వరుసలో స్పష్టంగా. ఈశాన్య నైరుతి నార మాత్రం ఏ దిక్కు నుంచి చూసినా నిలిచింది.

ఆగస్టు 24

ఈ వారం నిద్ర సరిగ్గా లేదు.

అయస్కాంత పటాన్ని ధ్రువం దగ్గర కొలిస్తే ఎలా ఉండేదో అలా మార్చే లెక్క ఒకటి ఉంది, ధ్రువానికి కుదించడం అంటారు. అది చేస్తే రాయి నెత్తినే ఎక్కువ వస్తుంది, చదవడం తేలిక. పైథాన్‌లో ఫాటియాండో లైబ్రరీతో చేశాను. తెర మీద కొండపల్లి నుంచి సరిగ్గా దక్షిణానికి, కృష్ణ కిందుగా, మంగళగిరి దాకా ఒక పొడుగాటి గీత లేచింది. రెండు కొండల్నీ కలిపే గీత! నది అడుగున పెద్ద విరుగుడు దొరికిందనుకున్నాను. బాబాయికి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాను. ఆయన నిద్రలోంచి లేచి, "మంచిదమ్మా, పొద్దున చూపించు" అన్నాడు.

పొద్దున చూపించేలోపే లెక్క మళ్లీ వేశాను. మన 20 డిగ్రీల వాలు దగ్గర, పొడుగ్గా నిలువుగా ఉన్న ఒకే రకం బండ తూర్పు పడమరలుగా ఉంటే 100 చూపిస్తుందనుకుందాం. అదే బండ ఈశాన్య నైరుతిగా ఉంటే 56, ఉత్తర దక్షిణంగా ఉంటే 12 మాత్రమే చూపిస్తుంది. ఎండ దిక్కుకి సాగే గట్టుకి నీడ పడనట్టే, భూమి క్షేత్రం దిక్కుకి సాగే బండ దాదాపు కనిపించదు. ధ్రువానికి కుదించే లెక్క ఆ లోటు పూడ్చడానికి ఉత్తర దక్షిణంగా ఉన్న ప్రతిదాన్నీ ఎనిమిదిన్నర రెట్లు పెంచుతుంది. అందులో నిజమైన బండ ఉంటే అదీ పెరుగుతుంది. కాంటూరు గీయడంలో నా చెయ్యి వణికి ఉంటే అదీ పెరుగుతుంది. విమానం ఎగిరింది ఉత్తర దక్షిణాలుగానే కాబట్టి లైన్‌కీ లైన్‌కీ మధ్య ఉండే చిన్న తేడా కూడా అదే దిక్కులో గీతగా లేస్తుంది.

నా గీత రాయో, లెక్క పుట్టించిందో తెర మీద తేలదు. దిక్కుతో పెద్దగా పేచీ లేని టోటల్ గ్రేడియంట్ పటం చేసి చూస్తే గీత చాలా పలచబడింది, పూర్తిగా పోలేదు. నేల మీద నడిచి కొలవాల్సిందే.

సెప్టెంబర్ 14

వానలు. పొలాల్లోకి అడుగు పెట్టే వీల్లేదు. పాత రీడింగుల పట్టిక శుభ్రం చేశాను.

అక్టోబర్ 12

నిడమర్రు వైపు పొలాల్లో, ఆ గీతకి అడ్డంగా, పడమర నుంచి తూర్పుకి మూడు కిలోమీటర్లు నడిచాం. 50 మీటర్లకి ఒక రీడింగ్, మొత్తం 61. పరికరం అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పాత ప్రోటాన్ మాగ్నెటోమీటర్. సెన్సర్ కర్ర నేను పట్టుకున్నాను, పుస్తకంలో రాసింది మా తమ్ముడు.

బెల్టు, తాళాలు, ఫోన్, గడియారం అన్నీ బండి దగ్గర వదిలేశాం. బండిని కూడా బాగా దూరంగా ఆపాం. అయినా మొదటి అయిదు రీడింగులు ఒకే చోట నిలబడి తీసినా ఒకదానికొకటి కలవలేదు. నా చున్నీకి పెట్టుకున్న పిన్నీసు! అది తీసేశాక కుదురుకుంది. ఆడపిల్లలెవరైనా ఈ పని చేస్తే ఇది గుర్తుంచుకోండి, ఏ మాన్యువల్‌లోనూ నాకు కనిపించలేదు.

రెండో జాగ్రత్త వేళ. దక్షిణ భారతం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి మధ్యాహ్నం వేళ పైన వాతావరణంలో బలమైన విద్యుత్ ప్రవాహం నడుస్తుంది. దాని వల్ల కదలకుండా నిలబడ్డా కొలత పదుల నానోటెస్లాలు మారుతుంది. రెండో పరికరం లేదు కాబట్టి గంటకోసారి మొదలుపెట్టిన వేపచెట్టు దగ్గరికి తిరిగొచ్చి అదే చోట కొలిచి, ఎంత జరిగిందో చూసి సరిచేశాను. ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకల్లా ఆపేశాం.

రాత్రి గ్రాఫ్ గీశాను. కరెంటు స్తంభాల దగ్గరా, ఒక మోటారు షెడ్డు దగ్గరా సూదుల్లాంటి మొనలు. గీత ఉండాల్సిన చోట ఏమీ లేదు. నున్నగా, మెల్లగా దిగే వంపు తప్ప ఏమీ లేదు.

ఆ ఉత్తర దక్షిణ గీతని పటంలోంచి తీసేశాను. కష్టంగానే ఉంది. కానీ దాన్ని ఉంచి ఉంటే ఎవరో ఒకరు దాన్ని నమ్మి బోరు వేసుకునేవాళ్లు.

నవంబర్ 9

బాబాయి ఇంట్లో అటక మీద పాత బిల్లు పుస్తకాలున్నాయి. తీసి దులిపి కూర్చుంటే ఈ మొత్తం పనిలో నాకు దొరికిన విలువైన డేటా అదేనని అర్థమైంది.

రాతి బోరులో పై మట్టి కూలకుండా గట్టిరాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించుతారు. రైతు దగ్గర ఆ పైపుకి అడుగుల లెక్కన డబ్బు తీసుకుంటారు కాబట్టి ప్రతి బిల్లులో కేసింగ్ ఎన్ని అడుగులో రాసి తీరాల్సిందే. అంటే ప్రతి బిల్లూ గట్టి బండ లోతు చెబుతోంది. ఊరి పేరు ఉంది, పొలం గుర్తులు బాబాయికి కంఠతా వచ్చు.

"ఇది ఎక్కడ బాబాయ్?"

"చినకాకాని, హైవేకి పడమర. చింతచెట్టు పక్కన. ఇప్పుడు చెట్టు లేదులే, అపార్ట్‌మెంట్లు వచ్చాయి."

"మెత్తరాయి ఎంతకి తగిలింది?"

"అది బిల్లులో ఉండదమ్మా. నాకు గుర్తున్నంతవరకు ముప్పై లోపే."

ఇలా 140 బోర్లు పటం మీద పెట్టగలిగాం. చోటు అనుమానంగా ఉన్నవి వదిలేశాం. మంగళగిరి చుట్టూ కేసింగ్ 30 నుంచి 60 అడుగులు. ఆగ్నేయంగా దుగ్గిరాల వైపు పోయేకొద్దీ పెరుగుతుంది, ఆ తర్వాత బిల్లుల్లో కేసింగ్ మాటే పోయి ఫిల్టర్ మొదలవుతుంది. తెనాలి దగ్గర 300 అడుగులు దించినా బండ తగల్లేదు.

ఈ మార్పు ఒకేచోట జరగలేదు, ఒక వాలుగా జరిగింది. ఆ వాలు అంచు విమాన పటంలో ఈశాన్య నైరుతిగా పోయే సరిహద్దుకి దగ్గరగానే, దాదాపు సమాంతరంగా సాగుతోంది. ఉపగ్రహ చిత్రంలో అక్కడ ఏమీ కనిపించదు, అంతా వరి, అరటి, పసుపు.

చమురు కోసం తవ్వినవాళ్లు దశాబ్దాల నాడే చెప్పిన సంగతి దీనికి కలుస్తుంది. డెల్టా కింద అడుగు బండ సమంగా లేదు, ఈశాన్య నైరుతిగా గట్లూ గోతులుగా విరిగి ఉంది. బాపట్ల తెనాలి గట్టు, గుడివాడ గొయ్యి, కాజ కైకలూరు గట్టు, బంటుమిల్లి గొయ్యి. ఈ కాజ కృష్ణా జిల్లాది, మన హైవే మీద టోల్‌గేట్ ఉన్న కాజ వేరు. సుమారు 13 కోట్ల ఏళ్ల నాడు ఈ తీరం అంటార్కిటికా నుంచి విడిపోయేటప్పుడు నేల ఇలా చీలింది. 160 కోట్ల ఏళ్ల నాటి నార వెంటే ఆ చీలికలు కూడా పోయాయి.

డిసెంబర్ 7

దుగ్గిరాల దారిలో రెండో నడక. ఈసారి సరిహద్దుకి అడ్డంగా, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి రెండు కిలోమీటర్లు. వరి కోతలైన మడులు, నడక సులువు. గ్రాఫ్‌లో స్పష్టమైన వంపు వచ్చింది, మొదట ఒక లోతైన పల్లం, తర్వాత చిన్న మిట్ట. బండ అంచు లోతు మార్చి మార్చి, లెక్కగట్టిన వంపు కొలిచిన వంపుతో కలిసేదాకా చూశాను. గ్రాఫ్‌లో పల్లం పడిన మడి దగ్గర 45 మీటర్లకి కలిసింది. అంటే 148 అడుగులు. పైన పుచ్చిన రాయిలో మాగ్నెటైట్ తుప్పు పట్టి హెమటైట్ అయిపోతుంది, అది పెద్దగా పలకదు. కాబట్టి ఇది గట్టిరాయి లోతుకి దగ్గరగా ఉండాలి.

నది దగ్గర మాత్రం చిక్కు అలాగే ఉంది. కృష్ణమ్మ వెళ్లడానికి కొండ బెజ్జం ఇచ్చిందని, అందుకే బెజవాడ అని మా నాయనమ్మ చెప్పేది. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఆ సందు రాయి విరిగినందువల్ల వచ్చిందా అనేది నాకు మొదటి రోజు నుంచి ఉన్న ప్రశ్న. అక్కడ కొలవడానికి వీల్లేదు. బ్యారేజీ నిండా ఇనుప గేట్లు, పక్కనే రైలు వంతెనలు. విమాన పటంలో 4 కిలోమీటర్ల లైన్ల మధ్య ఒక కిలోమీటరు పైచిలుకు సందు దొరకదు. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక ఎగువ లంకల్లో నడవచ్చేమో అడుగుతున్నాను.

డిసెంబర్ 22

పొద్దున ఏడింటికి బాబాయి ఫోన్. నేను నడిచిన లైన్ పక్కనే, ఆ పల్లం ఉన్న మడికి 200 మీటర్లలో ఎవరో రైతు బోరు వేయించుకుంటున్నాడట. ఫిల్టర్ పాయింట్ చాలనుకుని దించితే ఉప్పు నీళ్లు వచ్చాయి, రాతి బోరుకి ఈయన్ని పిలిచారు.

"ఎంతకి తగులుతుందమ్మా?"

"148."

నేను వెళ్లేసరికి బిట్టు 90 దాటింది. తెల్లటి మట్టి పోయి, 96 దగ్గర గోధుమరంగు పొడిరాయి రావడం మొదలైంది. బాబాయి గుప్పెడు తీసి నలిపి నా చేతిలో పోశాడు. 132 దగ్గర శబ్దం మారింది. ఆయన చెయ్యెత్తి బండి ఆపించాడు. వచ్చిన పొడి నల్లగా, మెరుస్తూ ఉంది. మీటర్ ఆనిస్తే 26.

కేసింగ్ 132 అడుగులు. నాకు 16 అడుగులు తేడా వచ్చింది. వాళ్లకి 210 దగ్గర నీళ్లు పడ్డాయి, తాగి చూశాం, తీపి.

రాత్రి పటంలో ఆ చోట చుక్క పెట్టి పక్కన 132 అని రాశాను. ఆగ్నేయపు సరిహద్దు ఇప్పుడు నిండు గీత. నది దగ్గర ఇంకా చుక్కల గీతే, మే నెలలో లంకల్లోకి వెళ్లేదాకా.